మా పాత బండిని మమ్మల్ని నడుపుకోనివ్వండి: రవాణా, వినియోగదారుల శాఖలకు, కార్ల కంపెనీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు, మన దేశంలో లగ్జరీ కార్లు అమ్ముతున్న కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. నా దగ్గర 2011లో రిజిస్టరైన ఒక జర్మన్ సెడాన్ ఉంది. పెట్రోల్ బండి, ఏపీ 09 నంబరు. మొదటి ఓనర్ దగ్గర 2018లో కొన్నాను. అప్పుడు నేను పెట్టిన డబ్బుకి షోరూమ్‌లో అయితే ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ వచ్చేది. ఈ ఏడాదితో బండికి 15 ఏళ్లు నిండుతాయి. కొత్త కారు కొనే ఉద్దేశం నాకు లేదు. ఉన్నదాన్నే శ్రద్ధగా చూసుకుంటూ ఇంకో పదేళ్లు నడుపుకోవాలని ఉంది.

దీని కోసం కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిళ్లు పెట్టాను. రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాను. ఒక ఫిర్యాదుల విభాగంలో కంప్లైంట్ నమోదు చేశాను. కంపెనీ నుంచి ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని ఒక మెయిల్ వచ్చింది, అంతే. ఫిర్యాదునేమో ఒక్కసారి ఫోనైనా చెయ్యకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. అందుకే అందరికీ కలిపి ఇలా రాయాల్సి వస్తోంది.

లగ్జరీ కారు అనగానే ఇదేదో డబ్బున్నవాళ్ల గోల అని పక్కన పెట్టేస్తారని తెలుసు. డబ్బున్నవాళ్లు నాలుగైదేళ్లకే బండి మార్చేస్తారు. వారంటీ ఉన్నంతకాలం వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. అసలు కథ రెండో ఓనర్ దగ్గర మొదలవుతుంది. ఈ ఊళ్లో పాత సెడాన్లు నడిపేవాళ్లలో చిన్న కాంట్రాక్టర్లున్నారు, బట్టల షాపు యజమానులున్నారు, పెళ్లిళ్లకి బండి అద్దెకిచ్చి బతికేవాళ్లున్నారు, ఈఎంఐల జోలికి పోకుండా ఒక మంచి బండి ఉండాలనుకునే నాలాంటి ఉద్యోగస్తులున్నారు. అదే తరగతి కొత్త సెడాన్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఆన్‌రోడ్ కోటి రూపాయలకి అటూఇటూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం, దాని మీద రాష్ట్రం లైఫ్ ట్యాక్స్. మా జీవితంలో అది కొనే పని కాదు. కాబట్టి ‘పాతది తీసేసి కొత్తది కొనండి’ అనే సలహా మాకు సలహా కింద లెక్కకి రాదు.

మా ఇబ్బందులు ఇవి.

1. రిపేరు చేయించుకునే దారి మూసేశారు

పోయిన వర్షాకాలం పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గేర్‌బాక్స్ వార్నింగ్ వచ్చి బండి ఒకే గేరులో ఉండిపోయింది. టోయింగ్ పెట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపాను. గేర్‌బాక్స్ లోపలి కంట్రోల్ యూనిట్ పోయిందన్నారు. మొత్తం యూనిట్ మార్చాలి, విదేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఎస్టిమేట్ ఆరు లక్షల పైమాటే అన్నారు. అదే టేబుల్ దగ్గర సేల్స్ కుర్రాడు ఎక్స్‌ఛేంజ్ బోనస్ కాగితంతో కూర్చున్నాడు. రిపేరు ఎస్టిమేట్ ప్రింటు రాకముందే కొత్త కారు ఈఎంఐ లెక్క నా చేతికొచ్చింది.

బండిని అక్కడి నుంచి తీసుకుని సికింద్రాబాద్‌లో మా మెకానిక్ షెడ్డుకి చేర్చాను. ఆయన ఆయిల్ పాన్ దించి చూసి, పోయింది లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కటేనని, గేర్‌బాక్స్ గట్టిగానే ఉందని తేల్చాడు. యాక్సిడెంటై స్క్రాప్‌కి వెళ్లిన అదే మోడల్ బండిలోంచి తీసిన బోర్డు ముంబైలో దొరికింది. ఖర్చు కంపెనీ ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా కాలేదు. బోర్డు బిగించారు. బండి మాత్రం కదల్లేదు.

ఎందుకంటే ఈ కాలపు కార్లలో పార్టు బిగిస్తే సరిపోదు. ఆ పార్టు ఫలానా బండిదేనని కంప్యూటర్‌తో ఒప్పించాలి. దాన్నే కోడింగ్ అంటారు. కంపెనీ సర్వర్‌కి లాగిన్ అయ్యే కంప్యూటర్ ఉంటేనే అది జరుగుతుంది. డబ్బులు కడతాను, కోడింగ్ ఒక్కటి చేసి పెట్టండని సర్వీస్ సెంటర్‌ని అడిగాను. బయట కొన్న పార్టుకి చెయ్యం అన్నారు. పోనీ ఆ బోర్డు మీరే అమ్మండి అంటే, బోర్డు విడిగా అమ్మం, యూనిట్ మొత్తం కొనాలన్నారు. బండి నెలల తరబడి షెడ్డులో దుమ్ము పట్టింది.

చివరికి లాప్‌టాప్ పట్టుకుని షెడ్లు తిరిగే ఒక కుర్రాడు వచ్చి, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో అరగంటలో కోడింగ్ చేసి వెళ్లాడు. ఇప్పుడు బండి శుభ్రంగా నడుస్తోంది. కానీ అలాంటి సాఫ్ట్‌వేర్‌తో కొత్త తాళంచెవి కూడా తయారు చెయ్యొచ్చు. నా బండి వివరాలు ఎవరి లాప్‌టాప్‌లో ఉన్నాయో నాకు తెలియదు. భద్రత కోసమే కోడింగ్ బయటివాళ్లకి ఇవ్వడం లేదని కంపెనీలు చెప్తాయి. ఇవ్వకపోవడం వల్ల మాకు దక్కిన భద్రత ఇదీ.

ఇది ఇవాళ్టి సమస్య కాదు. కంపెనీల మధ్య పోటీ న్యాయంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే 14 కార్ల కంపెనీలకి కలిపి రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, లోపాన్ని పట్టిచ్చే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారన్నదే అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పన్నెండేళ్లు గడిచాయి. స్పేర్ పార్టుల దుకాణాలుండే రాణిగంజ్‌లో నిలబడి చూస్తే ఏం మారిందో నాకైతే కనపడలేదు.

నాకు మండేది ఇక్కడ. ఇవే కంపెనీలు యూరప్‌లో రిపేరు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకి ఇస్తున్నాయి. ఇష్టపడి కాదు, అక్కడ 2018లో వచ్చిన 858 నంబరు నిబంధన ప్రకారం ఇచ్చి తీరాలి కాబట్టి. తాళాలు, దొంగతనాల నివారణకి సంబంధించిన సున్నితమైన సమాచారానికి కూడా, ముందుగా తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చిన మెకానిక్‌లకి అందించే పద్ధతి పెట్టారు. మ్యూనిక్‌లో షెడ్డు నడిపే మెకానిక్‌ని నమ్మగలిగినవాళ్లు ముషీరాబాద్ మెకానిక్‌ని ఎందుకు నమ్మరు?

మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. అందులో వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు ఆటోమొబైల్స్ కూడా ఉన్నాయి. మంచి ఆలోచన, అభినందనలు. కానీ పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబరు దొరికితే మాకు ఒరిగేదేమీ లేదు. ఆ నంబరు నాకు ముందే నోటికి వచ్చు.

2. చిన్న దెబ్బకే బండి తుక్కు లెక్కలోకి పోతుంది

ఏటా బీమా ప్రీమియం కడుతున్నాం. కానీ బండికి పదేళ్లు దాటితే క్లెయిమ్‌లో మెటల్ పార్టుల ధరలో సగం కోసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ పార్టులకైతే కొత్త బండికైనా సగమే. ఈ కోత లేకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్ పాత బండికి ఇవ్వబోమని మా బీమా కంపెనీ చెప్పేసింది. ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా అంతే. 2020 అక్టోబరు వరదల్లో సెల్లార్లలో మునిగిన బండ్లు ఈ ఊరు మర్చిపోలేదు. నీళ్లలో స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుందని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ కవర్ అసలు అవసరం ఎవరికి ఎక్కువ?

ఇంకో లెక్క చూడండి. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ (పూర్తిగా పోయిన బండి) కింద కడతారు. నా బండి ఐడీవీ మూడున్నర లక్షలు అనుకుందాం. అంటే గీత రెండు లక్షల అరవై రెండు వేల దగ్గర ఉంది. ఎదురుగా ఒక ఆటో వచ్చి తగిలి బంపరు, బానెట్, ఒక హెడ్‌లైట్, రేడియేటర్ పోయాయంటే కంపెనీ రేట్లలో ఆ గీత దాటడం ఎంతసేపు? ఇంజిన్ బాగుంటుంది, గేర్‌బాక్స్ బాగుంటుంది, చాసిస్‌కి ఏమీ కాదు. కాగితం మీద మాత్రం బండి చచ్చిపోతుంది. పాత పార్టులతో బాగు చేసుకుంటే లక్షలోపు అయ్యే పని అది. కానీ వాడిన పార్టులకి బిల్లు పెడితే ఒప్పుకోబోమని బీమా కంపెనీ అంది.

ఈ ఒక్క విషయం మీ రెండు శాఖల చేతిలో లేదని తెలుసు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. లేఖ అక్కడికీ పంపుతున్నాను.

3. బండిని చూడకుండా పుట్టిన తేదీ చూస్తున్నారు

15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 2022 ఏప్రిల్ దాకా రూ.600 ఉండేది. దాన్ని రూ.5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి రూ.10,000 చేశారు. ఆర్సీలో ఇంపోర్టెడ్ అని ఉంటే రూ.80,000. మార్కెట్లో మూడు లక్షలు పలికే బండికి, ఐదేళ్ల చెల్లుబాటు కోసం ఎనభై వేలు. ఆ బండి కొన్నప్పుడు దిగుమతి సుంకం వేరే కట్టారు, లైఫ్ ట్యాక్స్ వేరే కట్టారు. ఇదే దేశంలో బండికి 50 ఏళ్లు నిండితే వింటేజ్ అని ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తారు. ఇరవైకీ యాభైకీ మధ్య ఉన్న ముప్పై ఏళ్లు అది ఎలా బతకాలో ఎక్కడా రాసి లేదు.

ఫీజు కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. పరీక్షకైతే నేనే ముందుంటాను. కానీ ఆ పరీక్ష నిజంగా జరగాలి. పైపు పెట్టకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చే చోట్లు ఉన్నాయని ఈ నగరంలో ఎవరిని అడిగినా చెప్తారు. రెన్యువల్‌కి బండి తీసుకెళ్తే ఎక్కువసేపు చూసేది చాసిస్ నంబరే. బ్రేకు ఎంత పట్టుకుంటోంది, సస్పెన్షన్ ఎలా ఉంది, టైర్ల వయసెంత, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందా అన్నవి ఎవరికి కావాలి? జర్మనీలో కొత్త కారైనా మూడేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి పూర్తి తనిఖీకి వెళ్లాల్సిందే. పాతదని అదనపు శిక్ష లేదు, కొత్తదని మినహాయింపు లేదు. నల్లపొగ వదిలే పాత డీజిల్ బండిని, ఫిల్టర్ కోసి పారేసి తిప్పే లగ్జరీ బండిని నేను వెనకేసుకురావడం లేదు. వాటిని ఆపండి. ఐదేళ్ల బండి పొగ వదిలినా ఆపండి.

భద్రత సంగతికొద్దాం. మన దేశంలో అన్ని కొత్త కార్లకి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019లో. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయింది 2022లో. నా 2011 బండిలో ఇవన్నీ షోరూమ్ నుంచే వచ్చాయి, బండి పక్కకి జారిపోకుండా ఆపే ఈఎస్‌పీతో సహా. కాలుష్యం మాటకొస్తే, బీఎస్-4 నిబంధన దేశమంతటికీ 2017లో వచ్చినా హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచే అమల్లో ఉంది. అంటే నా బండి దేశంలో చాలా ఊళ్ల కన్నా ఏడేళ్లు ముందున్న ప్రమాణాలతో పుట్టింది. దీన్నీ, 2011లో ఇంకెక్కడో బీఎస్-3తో అమ్మిన బండినీ ఒకే వరసలో నిలబెట్టడం ఏం న్యాయం?

ఢిల్లీలో ఏం జరిగిందో చూశాం. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లకి బంకుల్లో ఇంధనం పొయ్యకూడదని 2025 జులై 1 నుంచి అమలు మొదలుపెట్టి, జనం గొడవతో రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కేవలం వయసు చూసి ఓనర్ల మీద చర్యలు తీసుకోవద్దని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది, డిసెంబరులో ఆ రక్షణని బీఎస్-4, ఆ పై బండ్లకే పరిమితం చేసింది. ఈలోపు ఎంతమంది భయపడి మంచి బండ్లని కారుచౌకగా వదిలించుకున్నారో! ఆ టెన్షన్ హైదరాబాద్‌కి రాకూడదు.

4. పెట్రోల్‌లో ఎంపిక లేకుండా చేశారు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. దానికి తగ్గ విడిభాగాలతో కార్లు రావడం మొదలైంది 2023 నుంచి. ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా శక్తి మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత తరహా నాలుగు చక్రాల బండ్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని ఒప్పుకుంది. కొన్ని పాత బండ్లలో రబ్బరు పార్టులు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని, ఖర్చు తక్కువేనని ప్రభుత్వం చెప్పింది. మామూలు బండిలో తక్కువే. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) ఉన్న పాత జర్మన్ ఇంజిన్‌లో ఫ్యూయల్ పంపు మార్చాలంటే నెల జీతం చాలదు. తగ్గిన మైలేజీకి తగ్గట్టు ధర తగ్గిందా అంటే అదీ లేదు.

5. దెబ్బ తినేది ఒక్క ఓనరే కాదు

రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాలు, ఆటోనగర్ షెడ్లు, టింకరింగ్, పెయింటింగ్, ఏసీ, సీట్ల పనివాళ్లు, ఇంజిన్ బోరింగ్ చేసే లేత్ వర్క్‌షాపులు బతికేది పాత బండ్ల మీదే. కొత్త బండి వారంటీ అయ్యేదాకా వాళ్ల గుమ్మం తొక్కదు. మా మెకానిక్ పదమూడో ఏట షెడ్డులో పానాలు అందించడంతో పని మొదలుపెట్టాడు. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పగలడు. కంపెనీ యూనిట్ మార్చమన్న చోట బోర్డు మారిస్తే చాలని తేల్చింది ఆయనే. అంత పనిమంతుడు ఒక పాస్‌వర్డ్ లేక కుర్రాడి లాప్‌టాప్ కోసం ఎదురుచూశాడు. ఆయన కొడుకు ఈ పనిలోకి రానన్నాడు. రేపు కార్లన్నీ ఇలాగే అయితే షెడ్డులో చెయ్యడానికి ఏం మిగులుతుందని అడిగాడట.

ఇంకోటి కూడా చెప్పాలి. చాలా జర్మన్ కార్లకి గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీ 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య గేర్‌బాక్స్ ఆయిల్ మార్చమని చెప్తుంది. కార్ల సర్వీస్ పుస్తకాల్లో మాత్రం చాలాసార్లు ఆ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని రాస్తారు. వారంటీ కాలంలో ఏమీ కాదు. ఆ తర్వాత గేర్‌బాక్స్ పోయేది రెండో ఓనర్ చేతిలో, అప్పటికి నిందంతా ‘పాత బండి’ మీదకి పోతుంది. ఈ సంగతి నాకు ఏ సర్వీస్ అడ్వైజరూ చెప్పలేదు. షెడ్డులో చెప్పారు.

పర్యావరణం పేరు చెప్పేవాళ్లకి ఒక మాట. ఒక కారు తయారవ్వాలంటే ఇనుము, అల్యూమినియం, గాజు, ప్లాస్టిక్, బ్యాటరీ అన్నీ కలిపి రోడ్డెక్కకముందే టన్నుల కొద్దీ కార్బన్ గాల్లోకి పోతుంది. నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను. బండి తీసేది వారాంతాల్లో, ఊరికెళ్లేటప్పుడు, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు. ఇంత తక్కువ తిరిగే బండిని తుక్కు చేసి కొత్తది తయారు చేయిస్తే గాలి ఎంత బాగుపడుతుందో లెక్క వేసి చూపించండి. రాష్ట్రం ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. స్క్రాప్ చేసి కొత్తది కొనేవాళ్లకి కేంద్రం రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ చెప్పింది. కొనేవాళ్లకి ఇన్ని ఇచ్చారు, సంతోషం. ఉన్నదాన్ని బాగా చూసుకునేవాళ్లకి ఒక్కటైనా ఇచ్చారా?

మేం కోరేవి ఇవి.

రాష్ట్ర రవాణా శాఖ: రెన్యువల్ సమయంలో బ్రేకులు, సస్పెన్షన్, పొగ, లైట్లు యంత్రాల మీద పరీక్షించి, మార్కులతో సహా కాగితం ఓనర్‌కి ఇవ్వండి. పాసైన బండిని వయసు పేరుతో ఆపబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. రెన్యువల్ ఫీజులు కేంద్రం పెట్టినవని తెలుసు. బండి విలువతో సంబంధం లేని ఆ రూ.80,000 రేటు మీద రాష్ట్రం తరఫున కేంద్రానికి అభ్యంతరం రాయండి. పొల్యూషన్ సెంటర్ల మీద ఆకస్మిక తనిఖీలు పెట్టండి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ: రైట్ టు రిపేర్‌ని పోర్టల్ నుంచి చట్టంలోకి తీసుకురండి. మోడల్ అమ్మకం ఆగిపోయాక కనీసం 15 ఏళ్లు విడిభాగాలు దొరకాలి. యూనిట్ మొత్తంగానే కాదు, లోపలి భాగాలు విడిగా కూడా అమ్మాలి. తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చిన మెకానిక్‌లకి డయాగ్నస్టిక్, కోడింగ్ సదుపాయం సరైన ఫీజుకి అందాలి. స్క్రాప్ కేంద్రాల్లో పనికొచ్చే పార్టుల్ని నంబరేసి, బిల్లుతో అమ్మే ఏర్పాటు ఉంటే బీమా కంపెనీలు కూడా వాటిని కాదనలేవు.

కార్ల కంపెనీలు: చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. యూరప్‌లో మీరు నడుపుతున్న అదే సర్వర్‌కి, అదే పద్ధతిలో ఇక్కడి మెకానిక్‌లకి లాగిన్ ఇవ్వండి. బయట కొన్న అసలు పార్టుకి కోడింగ్ చెయ్యం అనే నిబంధన ఉంటే అది ఏ చట్టం ప్రకారమో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి.

ఐఆర్‌డీఏఐ: పదేళ్లు దాటిన బండికి కూడా, తనిఖీ చేశాకే కావచ్చు, ఎక్కువ ప్రీమియం తీసుకునే కావచ్చు, ఇంజిన్ ప్రొటెక్షన్ అమ్మేలా చూడండి.

ఈ20 విషయంలో పెట్రోలియం శాఖకి విడిగా రాస్తున్నాం. నగరంలో కొన్ని బంకుల్లోనైనా 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ దొరికేలా చెయ్యాలన్నది అందులో కోరిక.

లేఖ ప్రతుల్ని పైన చెప్పిన కార్యాలయాలన్నిటికీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నెల రోజుల్లో జవాబు రాకపోతే పార్టుల ధరలు, కోడింగ్ నిరాకరణ, బీమా నిబంధనల మీద విడివిడిగా సమాచార హక్కు దరఖాస్తులు, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. ఎస్టిమేట్ కాగితాలు, మెయిళ్లు, మెకానిక్ ఇచ్చిన బిల్లులు అన్నీ దగ్గరున్నాయి. ఇలాంటి అనుభవం ఉన్న మిగతా ఓనర్లు కూడా తమ ఎస్టిమేట్ కాగితాల్ని పారేయకుండా దాచుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక పాత సెడాన్ యజమాని,
ఏఎస్‌రావు నగర్, హైదరాబాద్